మతహింసా చరిత్రను పరీక్షించు విధము

వర్తకుల యింట బిడ్డకు ఓనమాలు వచ్చిన పిమ్మట నేర్పెడి మొదటి విద్య చిట్టా వ్రాయుట. చిట్టాలోని ప్రతి పద్దునకును ఆధారము వలెను. సొమ్ము ఎవరు తెచ్చిరి, ఎన్నడు తెచ్చిరి, రసీదు గలదా యని అడుగక యే గుమాస్తాయు ఆవర్జాలోనికి పద్దు నెక్కింపడు. లెక్క తేడా వచ్చినచో ఎదుటివాని పుస్తకము తెప్పించి రెండును సరిపోల్చి చూతురు. రూపాయల విషయమున ఈ జాగ్రత్త యెంత అవసరమో, పూర్వుల కథల విషయమునను అంతే యవసరము.

ఇటీవల విద్యార్థులు చరిత్రను పెద్ద గ్రంథములలో గాక, చేతిఫోనునందు కనబడు విజ్ఞాన సర్వస్వములో చదువుచున్నారు. దక్షిణదేశపు జైనులను గూర్చి వెదకిన బాలునకు తఱుచుగా మొదట తగులునది మదురై కథ. 7వ శతాబ్దమున పాండ్యరాజు 8,000 మంది జైనులను కొఱతవేయించెనన్నది ఆ కథ. ఇది చదివిన పిల్లవాడు పెద్దలను ప్రశ్నించును. కొన్ని యిండ్లలో “అవును, వారు మనవారి నట్లు చంపిరి” యని కోపముతో చెప్పుదురు. మఱికొన్ని యిండ్లలో “అంతయు అబద్ధము, ఆ మాట ఎత్తకు” అని నోరు మూయింతురు. మొదటి యుత్తరము పిల్లవాని మనస్సున పొరుగువానిపై ద్వేషమును నాటును. రెండవది పెద్దలు నిజమును దాచుదురన్న అనుమానమును నాటును. రెండింటిలోను లెక్క తనిఖీ మాత్రము జరుగలేదు.

తమిళ, కర్ణాటక, ఓఢ్ర, మహారాష్ట్ర దేశములందును, యానామునందును తరతరములుగా స్థిరపడి, శైవులతోను వైష్ణవులతోను ఒకే బజారున వ్యాపారము చేయు కుటుంబములకు ఇది పుస్తకముల గొడవ మాత్రమే కాదు. పిల్లలు పొరుగువానిని ఏ కంటితో చూచెదరన్నది దీనిపై ఆధారపడియున్నది. కావున అట్టి వ్యాసమును పరీక్షించు విధమును ఈ పాఠమున వివరింపబడును.

1. విజ్ఞాన సర్వస్వపు వ్యాసము ఎట్టిది?

తెలుగువారికి విజ్ఞాన సర్వస్వము క్రొత్త వస్తువు కాదు. 20వ శతాబ్దపు తొలి భాగముననే కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును సంకల్పించి సంపుటములు వెలువరించిరి. అట్టి గ్రంథమునకు సంపాదకుడు గలడు. తప్పు దొరలినచో అడుగుటకు ఒక పేరు గలదు. 2001లో ఆరంభమై, 2003 డిసెంబరునుండి తెలుగులోను నడచుచున్న వికీపీడియా పద్ధతి వేఱు. దానిలో ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. నియమములు మాత్రము మంచివి: వ్రాసినదానికి ప్రచురితమైన ఆధారము చూపవలెను, వ్రాయువాడు తన సొంత యూహలను చేర్చరాదు, ముఖ్యమైన అభిప్రాయములను అన్నిటిని పక్షపాతము లేక చెప్పవలెను.

నియమ మున్నంత మాత్రమున ప్రతి వ్యాసమును నియమము ప్రకారమే నడచునని యెంచరాదు. మతహింసను గూర్చిన వ్యాసములలో ఇరుపక్షములవారును తమ తమ మాటలను చొప్పింప జూతురు. అదృష్టవశమున ఆ సర్వస్వములో ప్రతి వ్యాసము వెనుకను రెండు పుటలు గలవు. ఒకదానియందు ఏ మార్పు ఎన్నడు జరిగెనో వరుసగా నుండును. రెండవదానియందు దిద్దినవారు చేసికొన్న వాదోపవాదము లుండును. దుకాణమునకు చిట్టా యెట్టిదో వ్యాసమునకు ఆ పుటలు అట్టివి. పైకి కనబడు వ్యాసమును మాత్రమే చదివి విడుచుట, చిట్టా చూడక నిల్వ మొత్తమును నమ్ముట వంటిది.

వ్యాసమును తెఱచినప్పుడు మొదట క్రియాపదములను చూడవలెను. “చంపబడిరి” యనుట ఒకటి. “చంపబడిరని 12వ శతాబ్దపు గ్రంథము చెప్పుచున్నది” యనుట వేఱొకటి. మొదటిది సంఘటనను గూర్చిన మాట, రెండవది గ్రంథమును గూర్చిన మాట. మంచి వ్యాసము ఈ రెండింటిని కలుపదు. చెడ్డ వ్యాసము రెండవదానికి ఆధారము చూపి మొదటిదానిని చెప్పును.

2. మదురై కథ

కథ యిట్లున్నది. పాండ్యరాజు జైనుడై యుండెను. ఆయన రాణి మంగైయర్క్కరశియు, మంత్రి కులచ్చిరైయు శైవులు. వారు బాలభక్తుడైన తిరుజ్ఞాన సంబంధరును మదురైకి రప్పించిరి. జైనులు ఆయన విడిసిన మఠమునకు నిప్పు పెట్టిరి. ఆ తాపము జ్వరమై రాజును పట్టెను. జైనులు కుదుర్చలేని జ్వరమును సంబంధరు విభూతితో కుదిర్చెను. రాజు గూనియు సరియయ్యెను. పిదప పందెములు జరిగెను. తాటాకులపై వ్రాసినవానిని అగ్నియందు వేయగా జైనుల ఆకు కాలెను, సంబంధరు ఆకు కాలలేదు. వైగై నదిలో విడువగా జైనుల ఆకు ప్రవాహముతో కొట్టుకొనిపోయెను, సంబంధరు ఆకు ఎదురీది తిరువేడగమున నిలిచెను. ఓడినచో కొఱత నెక్కుదుమని జైనులు పందెము కాసియుండుటచే 8,000 మందికి అట్లే జరిగెను.

ఈ రాజును నెడుమారన్ అనియు, గూనివాడగుటచే కూన్ పాండియన్ అనియు గ్రంథములు పేర్కొనును. చరిత్రకారులు పెక్కురు ఆయనను 7వ శతాబ్దపు అరికేసరి మారవర్మగా గుర్తించిరి. రాజును సంబంధరును చారిత్రక పురుషులనుటకు సందేహము లేదు. సందేహ మెల్ల 8,000 మందిని గూర్చియే.

3. అయిదు పరీక్షలు

మొదటి పరీక్ష కాలము. ఈ సంగతిని ఎవరు, ఎన్నేండ్లకు వ్రాసిరి? సంబంధరు సొంత పదికములు నేటికిని నిలిచియున్నవి. వానిలో జైనులపై పరుషమైన మాటలు తఱుచుగా గలవు. కాని కొఱతవేసిన సంగతి వానిలో లేదు. ఆ మాట తరువాతి వాఙ్మయమున, సంబంధరునకు మూడు నూఱేండ్లకు పైబడిన పిమ్మటివాడని యెంచబడు నంబి యాండార్ నంబి రచనలలో కనబడును. సంపూర్ణమైన కథ 12వ శతాబ్దమున శేక్కిళార్ రచించిన పెరియపురాణమున నున్నది. అనగా పద్దు వ్రాసినవాడు లావాదేవి జరిగిన అయిదు నూఱేండ్లకు వ్రాసినాడు. అట్టి పద్దును కొట్టివేయ నక్కరలేదు గాని, రొక్కముగా జమ కట్టరాదు.

రెండవ పరీక్ష ఎదుటి పుస్తకము. దెబ్బ తిన్నవారు ఏమి వ్రాసికొనిరి? జైన వాఙ్మయమున ఈ సంహారమును చెప్పిన సమకాలిక గ్రంథము గాని శాసనము గాని లేదు. ఇచట ఒక జాగ్రత్త అవసరము. ఓడినవారి పుస్తకములు నశింపవచ్చును. మౌనము మాత్రమే రుజువు కాదు. అయినను ఈ సమాజము తన కష్టములను చెప్పుకొనుట ఎఱుగనిది కాదు. 1368లో తమకు జరిగిన అన్యాయమును రాజునకు నివేదించి, తీర్పును రాతిపై చెక్కించిన సమాజమిది. ఆ సంగతి ముందు వచ్చును.

మూడవ పరీక్ష తరువాతి జాడలు. మదురై జైనులు 7వ శతాబ్దమున నిర్మూలమై యుండినచో 8, 9 శతాబ్దములందు వారి జాడ కనబడరాదు. కాని కనబడుచున్నది. మదురైకి చేరువనున్న ఆనైమలైపైనను, కీళక్కుయిల్‌కుడి యొద్ద శమణర్ మలైపైనను తీర్థంకరుల విగ్రహములు చెక్కబడియున్నవి. వాని క్రింద అజ్జనంది మున్నగువారి పేర్లు వట్టెళుత్తు లిపిలో గలవు. ఇవి 8వ శతాబ్దమును దాని తరువాతి కాలమును చెందినవి. దక్షిణమున కళుగుమలై కొండపై వరుసలు వరుసలుగా జినబింబములును, వానిని చెక్కించిన దాతల పేర్లును ఉన్నవి. ఇదియు పాండ్యుల రాజ్యమే. అన్నిటికంటె ముఖ్యమైనది పుదుక్కోట్టై ప్రాంతమునందలి సిత్తన్నవాసల్ శాసనము. 9వ శతాబ్దమున శ్రీమార శ్రీవల్లభుడను పాండ్యరాజు కాలమున ఆ గుహాలయమును బాగుచేయించినవాడు ఇళంగౌతమన్ అను జైనాచార్యుడు. శాసనము ఆయనను మదురై ఆచార్యుడని పేర్కొనుచున్నది. 8,000 మందిని చంపిరన్న నగరమునకే చెందిన ఆచార్యుడు, రెండు నూఱేండ్లకు, ఆ పాండ్యుల కాలముననే జినాలయమును జీర్ణోద్ధారము చేయించుచున్నాడు.

నాల్గవ పరీక్ష అంకె. 8,000 అను సంఖ్య ఎచటినుండి వచ్చెను? తమిళమున నాలడియార్ అను నీతిగ్రంథము గలదు. దాని పుట్టుకను గూర్చి ఒక కథ చెప్పుదురు. కఱవు కాలమున 8,000 మంది జైనమునులు పాండ్యదేశమునకు వచ్చి, కఱవు తీరిన పిదప రాజునకు తెలుపక వెడలిపోవుచు, ఒక్కొక్కరొక్క పద్యమును తాటాకుపై వ్రాసి విడిచిరి. రాజు కోపించి ఆకులను వైగై నదిలో వేయించెను. వానిలో 400 ఆకులు ప్రవాహమునకు ఎదురీదెను, అవియే నాలడియార్. పాఠకులు ఈ రెండు కథలను ప్రక్కప్రక్క నుంచి చూడవలెను. రెండింటియందును పాండ్యరాజు, 8,000 మంది జైనులు, వైగై నది, ఎదురీదిన తాటాకులు. ఒకదానియందు ఎదురీదినది జైనుల ఆకు, రెండవదానియందు శైవుని ఆకు. మదురై చుట్టునుగల ఎనిమిది కొండలను జైనుల నివాసములని చెప్పు సంప్రదాయమును గలదు. కావున 8,000 అన్నది తలలు లెక్కించి వ్రాసిన అంకె గాదు, కథలలో తిరుగాడు అంకె యని తేలుచున్నది.

అయిదవ పరీక్ష ఒకే తూకము. ఇది అన్నిటికంటె కఠినమైనది, తన వారిపైననే ప్రయోగింపవలసినది గనుక. పెరియపురాణము జైనులు చంపబడిరని మాత్రమే చెప్పలేదు. అదే గ్రంథము జైనులు పల్లవరాజును పురికొల్పి అప్పరును సున్నపుబట్టీలో వేయించిరనియు, విషము పెట్టించిరనియు, ఏనుగుచేత త్రొక్కింప జూచిరనియు, రాతికి కట్టి సముద్రమున త్రోయించిరనియు చెప్పుచున్నది. మదురైలో మఠమునకు నిప్పు పెట్టినవారును జైనులే యని చెప్పుచున్నది. కొఱతకథను నమ్మి సున్నపుబట్టీ కథను కల్లయని త్రోయుట, కొనుటకు ఒక రాయి, అమ్ముటకు ఒక రాయి యుంచుకొన్న వర్తకుని తూకమగును.

జైన కథలకును ఇదే తూకము వర్తించును. కాంచీపురమున హిమశీతల మహారాజు సభలో అకలంకదేవుడు బౌద్ధులను ఓడించెనని జైనులు గర్వముతో చెప్పుకొందురు. 8వ శతాబ్దపు ఆ యాచార్యుని విజయము శ్రవణబెళగొళమున 12వ శతాబ్దపు మల్లిషేణ ప్రశస్తిలో చెక్కబడియున్నది. ఓడిన బౌద్ధులను రాజు గానుగలలో త్రిప్పింప బూనెననియు, అకలంకుడు వారించి దేశాంతరమునకు పంపించెననియు పిమ్మటి కథలు చేర్చినవి. సంబంధరు కథను పరీక్షించు జైనుడు ఈ కథనుగూడ అదే కాలపరిమాణముతో కొలువవలెను.

ఈ పరీక్షల వలన తేలునదేమి? నీలకంఠశాస్త్రి గారు 1955లో వెలువడిన దక్షిణభారత చరిత్రలో ఈ కొఱతకథను చరిత్రగా స్వీకరింప నిరాకరించిరి. అయితే కథ చరిత్ర కాకున్నను, కథ చెప్పుకొనుట చరిత్రయే. 7వ శతాబ్దమున శైవ జైనుల నడుమ తీవ్రమైన పోటీ యుండెను. రాజాశ్రయము చేతులు మారెను. పదికములలోని పరుషోక్తులు కల్పితములు గావు. తరువాతి తరములవారు పరమతస్థులను చంపిన కథను గొప్పగా చెప్పుకొనుటకు వెనుదీయలేదన్నదియు నిజమే. వ్యాసమున ఇవి యన్నియు ఉండవలెను.

4. రుజువున్నవి, పేరులేనివి

ఇంతవరకు చదివి “అయినచో జైనులపై హింసయే జరుగలేదు” అని నిశ్చయించుట తొందరపాటు. అవే పరీక్షలకు నిలుచు సాక్ష్యములు రెండు గలవు.

మొదటిది కర్ణాటకమున హావేరి జిల్లాలోని అబ్లూరు సోమేశ్వరాలయ శాసనము. 1200 ప్రాంతమునాటి దీనిని ఫ్లీటు దొర ఎపిగ్రాఫియా ఇండికా అయిదవ సంపుటమున ప్రకటించెను. ఏకాంతద రామయ్య అను శివభక్తుడు జైనులతో పందెము వేసి, వారిచేత తాటాకుపై పత్రము వ్రాయించుకొని, తన తల తఱిగి శివునకు అర్పించి, ఏడవ దినమున మరల బ్రతికెనట. జైనులు పత్రము ప్రకారము తమ జినుని తొలగింప నిరాకరింపగా రామయ్య ఆ విగ్రహమును పగులగొట్టెను. జైనులు బిజ్జలునితో మొరపెట్టుకొనిరి. రామయ్య పత్రమును చూపి మరల పందెమునకు సిద్ధపడగా వారు వెనుదీసిరి. బిజ్జలుడు రామయ్యకు జయపత్ర మిచ్చెను.

దీనిని ఎట్లు చదువవలెను? తల తెగి మరల అతుకుట భక్తుల విశ్వాసము. చరిత్ర దానిని నిర్ణయింపజాలదు. కాని బిజ్జలుడు రాజ్యమేలినది 12వ శతాబ్దపు మూడవ పాదమున. శాసనము పుట్టినది అర్ధశతాబ్దము లోపల. శాసనమున్న చోటనే విగ్రహము పగులగొట్టు దృశ్యము శిల్పముగా చెక్కబడి, దానిక్రింద వివరమును వ్రాయబడియున్నది. చేసినవారి పక్షమువారే చేసితిమని చెప్పుచున్నారు. కావున అబ్లూరున జినబింబ భంగము జరిగెననుటకు ఆధారము బలమైనది. ఈ రామయ్య కథయే 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుని బసవపురాణము ద్వారా తెలుగువారికి పరిచితమైనది. పురాణముకంటె శాసనము ముందటిది గనుక శాసనమునే మొదట చదువవలెను.

రెండవది తెలుగుదేశమున శ్రీశైలముననే యున్నది. మల్లికార్జున దేవాలయపు మండప స్తంభములపై 1512 నాటి సంస్కృత శాసన మొకటి గలదు. శాంతుని కుమారుడైన లింగడను వీరశైవ నాయకుడు ఆలయమునకు చేసిన కైంకర్యములు అందు వర్ణింపబడినవి. ఆ సందర్భముననే ఆతడు శ్వేతాంబర జైనుల తలలు నఱికినవాడని ప్రశంస గలదు. ఇచట అయిదు నూఱేండ్ల దూరము లేదు. నాయకుని కాలముననే, ఆతని కీర్తికొఱకే చెక్కబడినది. ఎందఱిని, ఎచట, ఏ కలహమున అని శాసనము చెప్పదు. కావున సంఖ్యను ఊహించి వ్రాయరాదు. ప్రశస్తులలో అతిశయోక్తి సహజమనియు మరువరాదు. అయినను ఆ మాటను పుణ్యకార్యముల వరుసలో చేర్చిన సమాజ మొకటి అప్పుడుండెనన్నది రాతిమీది అక్షరము.

ఇచట గమనింపదగిన విషయ మొకటి గలదు. 8,000 అను పెద్ద అంకె గల మదురై కథకు ఆధారము తక్కువ, ప్రసిద్ధి ఎక్కువ. అంకెయే లేని శ్రీశైల శాసనమునకు ఆధారము ఎక్కువ, ప్రసిద్ధి తక్కువ. శ్రీశైలమునకు ఏటేట పోవు యాత్రికులలో దానిని ఎఱిగినవారు అరుదు. వ్యాసములయందును ఇదే జరుగును. పెద్ద అంకె మొదటి వాక్యమున కెక్కును. నమ్మదగిన చిన్న సంగతి అడుగున నుండును. చదువరి అడుగుననున్నదానిని వెదకి చదువవలెను.

5. ఓరుగల్లు సంగతి

తెలుగు జైనులకు మఱింత దగ్గఱిది ఓరుగల్లు కథ. కాకతీయ గణపతిదేవుని సభలో తిక్కన సోమయాజి జైనబౌద్ధులను వాదమున గెలిచెననియు, ఆ పిదప జైనులు హింసింపబడిరనియు తరువాతి కాలపు సిద్ధేశ్వరచరిత్రాది గ్రంథముల మీద ఆధారపడిన కథ వ్యాపించినది. గణపతిదేవుడు 1199 మొదలు 1262 వఱకు రాజ్యమేలెను.

ఈ కథనుగూడ మూడవ పరీక్షయందు పెట్టవలెను. కాకతీయులకు ముందునుండియు అనుమకొండ జైనస్థానము. రెండవ ప్రోలరాజు మంత్రియైన బేతన భార్య మైలమ పద్మాక్షి కొండపై బసదిని కట్టించిన 1117 నాటి శాసనము నేటికిని గలదు. గణపతిదేవుని తరువాతనో? అప్పయార్యుడను జైనకవి జినేంద్రకల్యాణాభ్యుదయమను ప్రతిష్ఠాగ్రంథమును 1319లో ఏకశిలానగరమున, అనగా ఓరుగల్లున, ప్రతాపరుద్రుని కాలమున పూర్తిచేసినాడు. జినబింబ ప్రతిష్ఠావిధిని బోధించు గ్రంథము జినాలయములు నడుచుచున్న దేశముననే పుట్టును. కావున గణపతిదేవుడు జైనులను నిర్మూలించెనన్న మాట నిలువదు. ఆదరణ తగ్గినదనుట వేఱు, నిర్మూలనమనుట వేఱు.

6. ఖాతాలోని రెండవ పుట

మతకలహములను గూర్చిన వ్యాసము కలహములనే చెప్పి సంధులను విడిచినచో, ఖర్చులు వ్రాసి జమలు వ్రాయని ఖాతా యగును.

1368లో జైనులకును శ్రీవైష్ణవులకును వివాదము కలిగెను. ఆనెగొంది, హొసపట్టణము, పెనుగొండ, కల్లెహ మున్నగు స్థలముల జైనులు తమకు జరిగిన అన్యాయమును బుక్కరాయలకు విన్నవించుకొనిరి. రాయలు జైనుల చేతిని వైష్ణవుల చేతిలో నుంచి, రెండు దర్శనములకును భేదము లేదని ప్రకటించెను. పంచమహావాద్యములును కలశమును జైనులకు చెల్లునని తీర్పు చెప్పెను. జైనదర్శనమునకు కలిగెడి హానివృద్ధులను వైష్ణవులు తమవిగా భావింపవలెనని కట్టడి చేసెను. శ్రవణబెళగొళమున దేవుని రక్షణకు 20 మంది భటులను నియమించుటకును, మిగిలిన సొమ్ముతో జినాలయములకు సున్నము కొట్టించుటకును ఇంటికి ఏడాదికి ఒక హణము చొప్పున జైనులే యిచ్చునట్లు ఏర్పాటయ్యెను. పెనుగొండ పేరు ఆ విన్నపమున నుండుట తెలుగుదేశపు పాఠకులు గుర్తుంచుకొనదగినది. ఈ సంధిలో బుసువిశెట్టి యను వర్తకుడు పూనికతో పనిచేయగా, ఉభయ సమయములవారును కలిసి ఆయనకు సంఘనాయక పదవి నిచ్చిరని ఆ శాసనముననే గలదు.

1638లో హళేబీడు పార్శ్వనాథ బసది స్తంభములపై హుచ్చప్పదేవుడను వీరశైవుడు లింగముద్రలు వేసెను. విజయప్పయను జైనుడు వానిని చెఱిపెను. కలహము ముదరక మునుపే ఇరువైపుల పెద్దలు కూర్చుండి తగవు తీర్చిరి. జైనులు ముందుగా విభూతి తాంబూలములను సమర్పించి, పిదప తమ పూజోత్సవములను యథావిధిగా జరుపుకొనవచ్చునని నిర్ణయించిరి. విభూతి ముందు పెట్టవలెనను షరతును బట్టి సంధి సమానుల నడుమ జరిగినది కాదని తెలియుచున్నది. అయినను రక్తపాతము లేక తగవు తీరినది. మంచి వ్యాసము ఈ రెండింటిని చెప్పును: షరతును దాచదు, సంధిని తక్కువ చేయదు.

7. సత్యవ్రతమును వ్యాసరచనయు

గృహస్థునకు విధింపబడిన అణువ్రతములలో సత్యము రెండవది. తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున దానికి అయిదు అతిచారములు చెప్పబడినవి: మిథ్యోపదేశము, రహోభ్యాఖ్యానము, కూటలేఖక్రియ, న్యాసాపహారము, సాకారమంత్రభేదము. వర్తకులు కూటలేఖక్రియ యనగానే దొంగపత్రమును, దొంగలెక్కను తలంతురు. ఆధారము లేని సంఖ్యను చరిత్రలో చేర్చుటయు, ఉన్న ఆధారమును తనవారి గౌరవముకొఱకు తొలగించుటయు ఆ జాతివే. తప్పు అంకెను తెలిసియు పదిమందికి పంపుట మిథ్యోపదేశము. అది జైనులపక్షమున చేసినదైనను దోషము దోషమే.

వ్యాసమున తప్పు కనబడినచో తిట్టవలసిన పని లేదు. తప్పైన వాక్యమేదో, దానికి చూపిన ఆధారమున నిజముగా నేమున్నదో, సరియైన ఆధారమేదో చర్చాపుటలో శాంతముగా వ్రాయవలెను. శాసన సంపుటములును, పి. బి. దేశాయి గారు దక్షిణభారత జైనమును గూర్చి 1957లో ప్రకటించిన గ్రంథము వంటివియు ఇట్టి పనికి ఉపకరించును. ఇంట కళాశాలకు పోవు పిల్లలున్నచో ఈ పని వారికే అప్పగించుట మంచిది. కోపపడుటకు క్షణము చాలును. ఆధారము వెదకుటకు నాలుగు దినములు పట్టును. ఆ నాలుగు దినములలో కోపము చాలవఱకు చల్లారును.

పర్యూషణ దశలక్షణ పర్వముల చివర ప్రతి జైనుడును సర్వజీవులకు క్షమ చెప్పి, సర్వజీవులను క్షమ వేడును. జరుగని నేరమును ఒకని పూర్వులపై మోపి, పిదప క్షమించితినని చెప్పుట పొరుగువాని కవమానము. జరిగినదానిని లేదని దాచుట క్షమ యనిపించుకొనదు. అది మఱపు మాత్రమే. అబ్లూరున పగిలిన విగ్రహమును, శ్రీశైలస్తంభముపై నున్న మాటను తెలిసికొనియే, మదురైలో నిలువని అంకెను విడిచిపెట్టియే, బుసువిశెట్టివలె పొరుగువారితో చేయి కలుపవలెను. బిడ్డ అడిగినప్పుడు పెద్దలు ఈయవలసిన యుత్తర మిది.

స్వాధ్యాయమునకు ప్రశ్నలు

1. “చంపబడిరి” యనుటకును, “చంపబడిరని గ్రంథము చెప్పుచున్నది” యనుటకును గల భేదమేమి? ఏదేని యొక వ్యాసమునుండి ఉదాహరణము చూపుడు.

2. మదురై కథకును నాలడియార్ కథకును గల పోలికలు ఎవ్వి? వానివలన 8,000 అను అంకెను గూర్చి ఏమి తేలుచున్నది?

3. సిత్తన్నవాసల్ శాసనమును, ఏకశిలానగరమున పూర్తియైన జినేంద్రకల్యాణాభ్యుదయమును ఒకే తర్కమునకు ఎట్లు ఉపకరించుచున్నవి?

4. శ్రీశైల శాసనమునుండి నిశ్చయముగా చెప్పదగినదేమి? చెప్పరానిదేమి?

5. పెరియపురాణములో జైనులకు ప్రతికూలమైన కథలను త్రోసివేసి, కొఱతకథను మాత్రము నమ్ముట ఏల తప్పు?

6. 1368, 1638 సంధులలో జైనులకు లభించినదేమి? వారు ఒప్పుకొనవలసి వచ్చినదేమి? రెండింటిని జమాఖర్చుగా వ్రాయుడు.